చూడకుండా కూడా ఆడగలిగే కాలువల పజిల్: ప్రాజెక్టు డైరీ

ఫోన్లో పజిల్ గేమ్ తయారుచేసి, దాన్ని కళ్లు కనిపించనివాళ్లూ, చెయ్యి వణికేవాళ్లూ, రంగుల తేడా తెలియనివాళ్లూ ఆడేలా మార్చాలనుకునేవాళ్ల కోసం ఈ డైరీ. ఎక్కడ తప్పు చేశానో, ఏది ఎందుకు మార్చానో ఎక్కువగా రాశాను. పనికొచ్చింది తీసుకోండి. నాకు పోయిన గంటలు మీకు పోకూడదు.

ముందు ఆట గురించి. చెరువు తూము తెరిస్తే నీళ్లొస్తాయి. బోర్డు నిండా కాలువ ముక్కలుంటాయి: అడ్డం, నిలువు, మూల, మూడు దారులు, నాలుగు దారులు. తాకితే ముక్క పావు చుట్టు తిరుగుతుంది. అన్నీ సరిగ్గా కలిస్తే నీళ్లు కయ్యకి, అంటే వరి మడికి, పారతాయి. పెద్ద లెవెల్స్‌లో ముగ్గురు రైతుల వంతులు, మూడు రంగుల నీళ్లు. ఎవరి నీళ్లు వాళ్ల కయ్యకే వెళ్లాలి. మొత్తం 40 లెవెల్స్. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడో 4లో చేశాను, ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం. కావలిలో మా ఇంట్లో, ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు చేసిన పని ఇది.

దశ 0: ముందు కొలత

ఏదీ మార్చకముందు ముగ్గురి చేత ఆడించాను.

మా బావకి ఎరుపు, పచ్చ తేడా తెలియదు. ఆయనది పొగాకు సాగు. బ్యారన్‌లో ఆకు కాల్చడం దగ్గర ఆయన్ని మించినవాడు మా చుట్టాల్లో లేడు కానీ, గ్రేడింగ్‌కి మాత్రం కూర్చోడు. పచ్చ చార మిగిలిపోయిన ఆకుని వేరు చెయ్యడం ఆయన వల్ల కాదు. వాళ్ల మేనమామకీ ఇంతే. ఈ తేడాకి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి, అందుకే మగవాళ్లలో ఎక్కువ, తల్లి వైపు నుంచి వస్తుంది.

మా మేనత్తకి పార్కిన్సన్స్. కుడి చెయ్యి వణుకుతుంది. పేపర్లో పదకేళి రోజూ నింపే మనిషి, ఇప్పుడు పెన్ను పట్టుకోలేకపోతోంది.

మూడో ఆయన ఒంగోలులో డిగ్రీ చదివే తమ్ముడు. పుట్టినప్పటి నుంచి చూపు లేదు. ఫోను మొత్తం టాక్‌బ్యాక్‌తో వాడతాడు (స్క్రీన్ మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఆండ్రాయిడ్ సాయం అది), నాకంటే వేగంగా.

పరీక్ష పద్ధతి:

1. లెవెల్స్ 4, 11, 19, 27, 38. అందరికీ ఇవే.
2. ఒక్కో లెవెల్‌కి 15 నిమిషాలు.
3. నేను పక్కన కూర్చుంటాను కానీ నోరు విప్పను.

ఈ మూడో నియమం పాటించడమే కష్టం. పక్కనుంచి ఒక్క మాట చెప్పినా కొలత చెడిపోతుంది.

ఫలితం: బావ 4, 11 గెలిచాడు. వాటిలో నీళ్ల రంగు ఒకటే. 19 నుంచి ఆగిపోయాడు. అత్త 4 ఒక్కటే. తమ్ముడు మొదటి స్క్రీన్ కూడా దాటలేదు. టాక్‌బ్యాక్‌కి నా ఆట అంతా కలిపి ఒకే ఖాళీ పలక. వేలు ఎక్కడ పెట్టినా ఏమీ పలకదు. పది నిమిషాలు వేలు తిప్పి, "అన్నా, ఇది మొదలైందా ఇంకా?" అని అడిగాడు. ఆ ప్రశ్న నేను మర్చిపోలేదు.

ఇప్పటిదాకా: పని 0 గంటలు. ఖర్చు ₹0. గెలిచినవి 15లో 3.

దశ 1: రంగులు

మొదట నేను పెట్టిన నీళ్ల రంగులు ఎరుపు, పచ్చ, మట్టి రంగు. బావ చూసి, "నాకు మూడూ ఒకటే మట్టి మాదిరి ఉండాయి బామ్మర్దీ" అన్నాడు.

నేను చేసిన మొదటి తప్పు ఫిల్టర్. స్క్రీన్ మొత్తం మీద రంగులు జరిపే షేడర్ ఒకటి వేసి, సెట్టింగ్స్‌లో బటన్ పెట్టాను. నాలుగు గంటలు పట్టింది. బావ దాంతో 27 గెలిచాడు కానీ 19, 38 గెలవలేదు. పైగా గడ్డి, గట్లు, బటన్లు అన్నీ రంగు మారి, అంతకుముందు బాగా కనిపించేవి కూడా చెడ్డాయి. ఇబ్బంది మూడు నీళ్ల రంగుల దగ్గరే ఉంటే, మందు స్క్రీన్ మొత్తానికి పూశాను. ఫిల్టర్ తీసేశాను.

తర్వాత జపాన్ శాస్త్రవేత్తలు ఒకాబే, ఇతో తయారుచేసిన ఎనిమిది రంగుల జాబితా తీసుకున్నాను. ఆ ఇద్దరికీ కూడా ఎరుపు-పచ్చ తేడా తెలియదు, తమ కళ్లతో సరిచూసుకుని ఎంచిన రంగులవి. అందులోంచి మూడు (అంకెలు వరసగా ఎరుపు, పచ్చ, నీలం పాళ్లు, 0 నుంచి 255 దాకా):

నీలం: 0, 114, 178
పసుపు: 240, 228, 66
ముదురు నారింజ: 213, 94, 0

బావ మూడూ వేరు చెప్పగలిగాడు. పని అయిపోయిందనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం బస్టాండులో ఎండలో నా ఫోను తీసి చూస్తే, నీలం, నారింజ రెండూ ఒకే నలుపు. ఇంటికొచ్చి వెలుతురు తేడా లెక్క వేశాను. వెబ్ ప్రమాణాల్లో బొమ్మలకి, గుర్తులకి కనీసం 3:1 ఉండాలంటారు.

నీలం - పసుపు: 3.92
పసుపు - నారింజ: 2.92
నీలం - నారింజ: 1.34

రంగు తేడా ఉంది, వెలుతురు తేడా లేదు. ఎండలోనూ, ఫోన్ని నలుపు-తెలుపులో పెట్టుకునేవాళ్లకీ అది పనికిరాదు. మంచి రంగుల జాబితా దొరికిందని కొలవకుండా వదిలేస్తే ఇక్కడే దెబ్బతింటారు.

కాబట్టి రంగుతో పాటు నీళ్ల మీద గుర్తు కూడా పెట్టాను: నీలానికి అలలు, పసుపుకి చుక్కలు, నారింజకి ఏటవాలు గీతలు. కయ్య మీదా అదే గుర్తు. ఇందులోనూ రెండు సవరణలు పడ్డాయి:

1. గుర్తులు నీళ్లతో పాటు కదిలేలా చేశాను. పాత ఫోన్లో జిలజిలమని మెరిసి తల తిరిగింది. ఇప్పుడు గుర్తు కదలదు, అంచున ఒక తెల్ల గీత మాత్రం పారుతుంది. దాన్నీ ఆపేసే సెట్టింగ్ ఉంది.
2. కయ్య నిండినప్పుడు స్క్రీన్ సెకనుకి ఐదుసార్లు మెరిసేది. సెకనుకి మూడుసార్లకి మించి మెరిస్తే మూర్ఛ ఉన్నవాళ్లకి ప్రమాదం. మెరుపు పూర్తిగా తీసేసి, వరి మొలిచే బొమ్మ పెట్టాను.

గుర్తుల్ని సెట్టింగ్స్ వెనక దాచలేదు. అందరికీ మొదటి నుంచీ కనిపిస్తాయి. గుర్తులొచ్చాక మా చెల్లెలు కూడా లెవెల్స్ త్వరగా పూర్తి చేస్తోంది, ఆమె కళ్లకి ఏ ఇబ్బందీ లేదు.

బావ ఐదుకి ఐదు గెలిచాడు.

ఇప్పటిదాకా: పని 11 గంటలు. ఖర్చు ₹0. గెలిచినవి 15లో 6.

దశ 2: అక్షరాలు, వేళ్లు

అక్షరాల పని త్వరగానే అయింది. తెల్లటి పలక మీద రాతలు 999999 అనే బూడిద రంగులో ఉండేవి, తేడా 2.85. మామూలు రాతకి కనీసం 4.5 కావాలి. 595959కి మార్చాను, 7కి చేరింది. సైజు 14 నుంచి 18కి పెంచి, 26 దాకా పెంచుకునే వీలు పెట్టాను.

పెంచగానే ఒత్తులు తెగిపోయాయి. "కష్టం" బటన్‌లో ష కింద ట ఒత్తు సగం మాయమై "కషం" అయింది. ఇంగ్లిష్ అక్షరాల కొలతతో బటన్ ఎత్తు 40 పిక్సెళ్లని గట్టిగా కట్టేయడం వల్ల వచ్చిన తిప్పలు. బటన్ ఎత్తుని లోపలి అక్షరాలే నిర్ణయించేలా కంటెయినర్లలోకి మార్చాను. ఆటలో ఎక్కడా రాకపోయినా "రాష్ట్రం" అనే మాటని ప్రతి బటన్‌లో పెట్టి చూశాను. ష కింద ట, దాని పక్కన ర. అది తెగకపోతే ఇంకేదీ తెగదు. తెలుగులో ఆట చేసేవాళ్లు ఈ ఒక్క మాటతో పరీక్షించుకోండి. గోడో 3లో అయితే ఒత్తులే సరిగా కుదరవు, 4 నుంచే ఆ ఇబ్బంది పోయింది.

ఇక వేళ్లు. అత్త చేత లెవెల్ 11 ఆడిస్తూ పక్కన కూర్చున్నాను. నిలువు ముక్కని తాకింది. ముక్క కదల్లేదు. మళ్లీ తాకింది. కదల్లేదు. "ఏందబ్బయా, నేను తాకతానే ఉండా, ఇది తిరగదే" అంది. ఫోను పాడైందేమోనని నేనూ అనుకున్నాను.

ఫోను పాడవలేదు. తాకిన ప్రతిసారీ నంబరు, టైము ఫైల్లోకి రాసేలా చేసి చూస్తే తెలిసింది. వణుకు వల్ల ఒక తాకుడు రెండుగా పడుతోంది. నిలువు ముక్క రెండుసార్లు తిరిగితే మళ్లీ నిలువే. ఆమె కంటికి అసలేమీ జరగనట్టే. మూల ముక్క దగ్గరైతే తిరిగినట్టు కనిపిస్తుంది కానీ, అనుకోని వైపుకి. నెలల తరబడి ఈ ఆట చేస్తూ నాకు తట్టని సంగతి ఇది.

అత్త తాకుళ్లు 140. వాటిలో అనుకోకుండా పడినవి 31. అదే గడి మీద మొదటి తాకుడికీ రెండో దానికీ మధ్య తేడా 80 నుంచి 310 మిల్లీసెకన్లు. సరే, 350 లోపు పడే రెండో తాకుడిని అందరికీ వదిలేద్దామనుకున్నాను. మా మేనల్లుడికి ఇస్తే రెండు నిమిషాల్లో వెనక్కిచ్చేశాడు, "మొద్దుగా ఉంది మామా" అని. వాడు కావాలనే రెండుసార్లు తాకే వేగం 150. ఇద్దరి అంకెలూ ఒకదానిమీదొకటి పడుతున్నాయి కాబట్టి ఒకే అంకె ఇద్దరికీ సరిపోదు. మూడు ఎంపికలు పెట్టాను: 0, 200, 350. ఆట మొదట్లోనే పెద్ద అక్షరాల్లో అడుగుతుంది, సెట్టింగ్స్‌లో వెతుక్కోనక్కర్లేదు. 350 పెట్టాక అత్తకి అనుకోని తాకుళ్లు 140కి 2.

వేళ్ల కోసం మార్చిన మిగతావి:

1. వేలు పెట్టగానే కాకుండా, ఎత్తినప్పుడు ముక్క తిరుగుతుంది. వేలి కింద గడి చుట్టూ మందపాటి అంచు వెలుగుతుంది. తప్పు గడి మీద పడితే వేలు ఎత్తకుండా పక్కకి జరుపుకోవచ్చు.
2. నొక్కి పట్టుకుని వెనక్కి తిప్పే పద్ధతి తీసేశాను. మూడుసార్లు తాకినా అదే ఫలితం.
3. "వెనక్కి" బటన్. ఎన్ని అడుగులైనా.
4. గడి సైజు. ఆండ్రాయిడ్ సూచన ప్రకారం తాకే చోటు కనీసం 48 డీపీ (ఏ స్క్రీన్ మీదైనా దాదాపు ఒకే సైజులో వచ్చే కొలత) ఉండాలి. 360 డీపీ వెడల్పు ఫోన్లో అంచులకి 24 పోతే 336 మిగులుతుంది. 8 గడులైతే ఒక్కోటి 42. 7 గడులైతే సరిగ్గా 48.

ఈ నాలుగోది నా వారం తినేసింది. 8×8 బోర్డులు తొమ్మిది ఉన్నాయి, వాటన్నిటినీ 7×9గా మళ్లీ అల్లాను. గడులు 64 నుంచి 63, పెద్ద తేడా లేదు కానీ, ప్రతి లెవెల్‌కీ దారి ఒక్కటే ఉండేలా మళ్లీ సరిచూడాలి. ఈ దశకి పట్టిన 19 గంటల్లో 12 దీనికే పోయాయి. బోర్డు వెడల్పు మొదటి రోజే లెక్క వేసుకుంటే ఈ పని ఉండేది కాదు. 38 కూడా వీటిలోదే కాబట్టి బావ చేత దాన్ని మళ్లీ ఆడించాను, గెలిచాడు.

అత్త ఐదిట్లో నాలుగు గెలిచింది. 38లో 90 సెకన్ల టైమర్ ఉంది, అక్కడ ఆగింది.

ఇప్పటిదాకా: పని 30 గంటలు. ఖర్చు ₹0. గెలిచినవి 15లో 9.

దశ 3: గొంతు

ఎక్కువ కాలం పట్టిందీ, ఎక్కువ నేర్పిందీ ఈ దశే. 2020లో వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2లో ఇలాంటి సెట్టింగ్స్ అరవైకి పైగా ఉన్నాయి, చూపు లేనివాళ్లు దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఆడారు. అంత పెద్ద ఆటకే వీలైనప్పుడు 63 గడుల బోర్డుకి కాకపోవడం ఏమిటని మొదలుపెట్టాను.

గోడోలో టీటీఎస్ స్పీక్ అనే ఫంక్షన్ ఉంది, ఫోన్లోని గొంతుతో పలికిస్తుంది. మొదటి రోజంతా ఏ శబ్దమూ రాలేదు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఆడియో కింద టెక్స్ట్ టు స్పీచ్ టిక్ పెట్టాలి. టిక్ లేకపోతే గొంతు రాదు.

ఆ తర్వాత టాక్‌బ్యాక్‌తో గొడవ. అది ఆన్‌లో ఉంటే ఒక వేలితో చేసే సైగలన్నీ అదే తీసుకుంటుంది, ఆటకి చేరవు. పైగా రెండు గొంతులు ఒకేసారి మాట్లాడతాయి. తమ్ముడే దారి చెప్పాడు: రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి నొక్కి పట్టుకుంటే టాక్‌బ్యాక్ ఆగుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. ఆటలో ఆట గొంతు, బయట టాక్‌బ్యాక్. మొదటిసారి తెరవగానే నాలుగు సెకన్లు ఆగి ఆట ఈ సంగతి చెబుతుంది. బయటికెళ్లేటప్పుడు టాక్‌బ్యాక్ వేసుకోమని గుర్తు చేస్తుంది. ఈ రెండోది మొదట పెట్టలేదు. తమ్ముడు బస్సులో ఆట మూసేశాక ఫోను మౌనంగా ఉండిపోయి, అప్పుడే ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తడానికి తడబడ్డాడు. అది వినగానే ఆ రాత్రే పెట్టాను.

మొదటి పద్ధతి: అంతా చదవడం.

"మొదటి వరస, మొదటి గడి, మూల ముక్క, పైకీ కుడికీ తెరిచి ఉంది, నీళ్లు లేవు." ఒక్క గడికి ఆరున్నర సెకన్లు. 63 గడులకి 6 నిమిషాల 50 సెకన్లు. తమ్ముడు లెవెల్ 4 గెలిచాడు, అది చిన్న బోర్డు. 11లో టైమ్ అయిపోయింది.

రెండో పద్ధతి: మారేది ముందు.

"మూల, పై, కుడి, పొడి." 1.8 సెకన్లు. బోర్డు మొత్తం 1 నిమిషం 53 సెకన్లు. వరస, గడి అంకెలు అడిగితేనే చెబుతుంది. పక్క గడికి జరుగుతున్నప్పుడు అతనికి కావాల్సింది కొత్తగా ఏముందో, ఎక్కడున్నాడో అతనికే తెలుసు.

వేగం రాగానే కొత్త ఇబ్బంది. పది గడులు గబగబా జరిపితే పది మాటలూ వరసలో నిలబడి, వేలు ఆగాక కూడా గొంతు ఆగలేదు. స్పీక్ ఫంక్షన్‌లో పాత మాటని ఆపి కొత్తది చెప్పే ఇంటరప్ట్ ఎంపిక ఉంది, అది వేశాను. ఇప్పుడు "నీలి నీళ్లు కయ్యకి చేరాయి" అనే ముఖ్యమైన మాట కూడా మధ్యలో తెగిపోతోంది. చివరికి మాటల్ని రెండు రకాలు చేశాను. గడి మాటలు తెగొచ్చు. నీళ్ల మాటలు తెగకూడదు, అవి పూర్తయ్యాకే గడి మాట.

11 కూడా గెలిచాడు. 19లో ఆగిపోయాడు. ఎక్కడ ఆగిందో తెలియక ప్రతిసారీ తూము దగ్గర్నుంచి గడి గడీ వెతుక్కుంటూ వస్తున్నాడు.

మూడో పద్ధతి: ఆరా.

రెండు వేళ్లతో ఒకసారి తడితే: "నీలం, మూడో వరస ఐదో గడిలో ఆగింది. ముందు అడ్డం ముక్క." ఇంకొంచెం సాయం చేద్దామని దాని వెనక "ఒకసారి తిప్పితే కలుస్తుంది" అని కూడా చేర్చాను. తమ్ముడు రెండు లెవెల్స్ ఆడి ఫోను పక్కన పెట్టేశాడు.

"అన్నా, ఆట నువ్వే ఆడేస్తే ఇంక నేనెందుకు?"

ఇంటికొచ్చేదాకా రైల్లో అదే ఆలోచన. సాయం ఎక్కడ ఆగాలి? సింగరాయకొండ దాటేసరికి కాగితం మీద రెండు వరసలు రాసుకున్నాను. కన్ను ఒక్క చూపులో పట్టేదంతా గొంతు చెప్పాలి. కన్ను ఉన్నవాళ్లు కూడా బుర్ర పెట్టి తేల్చుకోవాల్సింది గొంతు చెప్పకూడదు. నీళ్లు ఎక్కడ ఆగాయన్నది చూపుకి అందేది. దాన్ని చెప్పకపోతే అన్యాయం. ఏ ముక్క తిప్పాలన్నది పజిల్. దాన్ని చెబితే అది కూడా అన్యాయమే, అతని ఆటని అతని దగ్గర్నుంచి లాక్కున్నట్టే. ప్రతి మాటనీ ఈ రెండు వరసలతో సరిచూశాను, పదకొండు మాటలు తీసేశాను, నాలుగు కొత్తవి చేర్చాను. చేర్చిన వాటిలో ఒకటి: లెవెల్ మొదట్లో బోర్డు సైజు, ఏ కయ్య ఏ వైపుందో చెప్పడం. కన్ను ఉన్నవాళ్లకి అది తెరవగానే తెలిసిపోతుంది, నేను మాత్రం అతన్ని వెతుక్కోమని వదిలేశాను.

చోటు తెలియడానికి శబ్దం కూడా వాడాను. ఇయర్‌ఫోన్లో ఎడమ గడి ఎడమ చెవిలో, కుడి గడి కుడి చెవిలో వినిపిస్తుంది. వరసలకి మొదట ఒకే టిక్ శబ్దాన్ని వరసకి కొంచెం చొప్పున పైకి లేపాను. 20 శబ్దాలు వినిపిస్తే వరస సరిగా చెప్పినవి 7. తర్వాత 9 వరసలకి కింద నుంచి పైకి స రి గ మ ప ద ని, మళ్లీ పై స రి పెట్టాను, వేణువుతో విడివిడిగా రికార్డు చేసినవి. ఈసారి 20కి 17. స్వరాలు చెవికి ముందే అలవాటైనవి కదా, కొత్తగా నేర్చుకునేదేం లేదు.

దిక్కులతో చెప్పాలా, పై-కింద-ఎడమ-కుడి అనాలా అన్నది కొన్నాళ్లు నడిచింది. మా వైపు కయ్యల దగ్గర "తూర్పు గట్టు", "దక్షిణం కయ్య" అనే అంటారు, అత్తకి అదే నచ్చింది. కానీ "ఉత్తరం, తూర్పు" పలకడానికి "పై, కుడి" కంటే ఎక్కువ సేపు పడుతుంది. ముందు పై-కుడి, కావాలంటే దిక్కులు.

పాత ఫోను ఒకటి కొని అందులో వేస్తే ఆట మూగబోయింది. ఆ ఫోన్లో తెలుగు గొంతే లేదు, గొంతుల జాబితా ఖాళీగా వచ్చింది. ఇప్పుడు మొదలవగానే జాబితా చూస్తుంది. ఖాళీ అయితే మా చెల్లెలి గొంతుతో రికార్డు చేసిన ముక్క వినిపిస్తుంది: తెలుగు గొంతు ఎలా దించుకోవాలో అందులో ఉంది. గొంతు లేని సంగతిని అక్షరాల్లో చూపిస్తే చూపు లేని మనిషికి ఏం ఉపయోగం?

తమ్ముడు 4, 11, 19, 27 గెలిచాడు.

ఈ దశ ఖర్చు: పాత ఫోను ₹3,500, ఇయర్‌ఫోన్లు ₹350, ఒంగోలు నాలుగుసార్లు రానూ పోనూ ₹920.

ఇప్పటిదాకా: పని 82 గంటలు. ఖర్చు ₹4,770. గెలిచినవి 15లో 13.

దశ 4: మిగిలిన రెండు

అత్తకి 38 దగ్గర అడ్డం టైమర్. టైమర్‌ని పొడిగించే సెట్టింగ్ పెడదామనుకుని, అసలు అది ఎందుకుందని నన్ను నేనే అడిగాను. లెవెల్ కష్టంగా కనిపించాలని పెట్టింది, పజిల్‌కి దాంతో పని లేదు. టైమర్ కావాలంటే వేసుకునేదిగా మార్చి, మామూలుగా ఆఫ్ చేశాను. అత్త 38 గెలిచింది, 13 నిమిషాలు పట్టింది. కయ్యలో వరి మొలిచే బొమ్మని వేలు ఎత్తకుండా చాలాసేపు చూసింది. "మొలగొలుకులేనా?" అని మా వైపు వరి రకం పేరు చెప్పి అడిగింది. అవునన్నాను.

ముక్క తిరిగినప్పుడు ఫోను చిన్నగా అదిరేలా కూడా చేశాను. మొదట అదరలేదు, ఎర్రర్ కూడా రాలేదు. ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్‌లో వైబ్రేట్ అనుమతి టిక్ పెట్టాలి. అత్తకి మాత్రం అదురు వద్దు, వణుకుతో కలిసి చికాకు పుట్టిస్తోందట. ఆపుకునే వీలుంది.

తమ్ముడికి 38 ఎందుకు రావడం లేదో నాకు అర్థం కాలేదు. మూడుసార్లు ఓడాడు. నాలుగోసారి కళ్లు మూసుకుని, గొంతు మాత్రమే వింటూ నేనే ఆడాను. రెండో వరస నాలుగో గడి: "నాలుగు వైపులా." ఆరో వరస మూడో గడి: "నాలుగు వైపులా." కళ్లు తెరిచి చూస్తే మొదటిది నాలుగు దారుల ముక్క, నీళ్లు అన్ని వైపులా పోతాయి. రెండోది వంతెన, ఒక కాలువ ఇంకో కాలువ మీదుగా వెళ్తుంది, నీళ్లు కలవవు. రెండు వేర్వేరు ముక్కలకి నా గొంతు ఒకే మాట చెబుతోంది. తమ్ముడు ఆ గడి దగ్గర తన తప్పేమిటో వెతుక్కుంటూ మూడు సాయంత్రాలు కూర్చున్నాడు. తప్పు నాది.

మార్పు: "వంతెన: పై-కింద మీద, ఎడమ-కుడి అడుగున." ఆ తర్వాత ముక్కలన్నిటి మాటల్నీ ఒక ఫైల్లో పెట్టి, రెండిటికి ఒకే మాట వస్తే బిల్డ్ (ఆట ఫైలు తయారవడం) ఆగిపోయేలా చిన్న స్క్రిప్ట్ రాశాను. 40 లెవెల్స్ మీద తిప్పితే ఇంకొకటి దొరికింది: మూసిన తూము, పగిలిన కాలువ, రెండూ "మూసి ఉంది". సరిచేశాను.

తమ్ముడు 38 గెలిచాడు. 22 నిమిషాలు. నియమం 15 కాబట్టి లెక్కలో కలపలేదు. కలపమని నేనంటే అతనే వద్దన్నాడు.

ఇప్పటిదాకా: పని 91 గంటలు. ఖర్చు ₹4,770. గెలిచినవి 15లో 14.

ఇంకా చెయ్యాల్సినవి

1. ఫోన్ని అడ్డంగా పట్టుకుంటే 7 గడుల లెక్క మారిపోతుంది. ప్రస్తుతం నిలువుకే కట్టేశాను. వీల్‌చెయిర్‌కి ఫోన్ని అడ్డంగా బిగించుకునేవాళ్లకి ఇది పనికిరాదు, ముందు ఇదే.
2. బ్లూటూత్ కీబోర్డుతో, ఒక్క బటన్‌తో ఆడే పద్ధతి. గడి గడికీ వెలుగు దానంతటదే జరుగుతుంటే కావాల్సిన చోట నొక్కడం. 63 గడులకి గడికి ఒక సెకను అయినా నిమిషం పైన. వరస ఎంచుకుని, తర్వాత గడి ఎంచుకుంటే ఎక్కువలో ఎక్కువ 9 + 7 = 16 సెకన్లు. అది రాస్తున్నాను.
3. 38లో తమ్ముడి ఆట లాగ్ చూశాను. 22 నిమిషాల్లో 6 నిమిషాలు కయ్య నుంచి తూము దగ్గరికి మళ్లీ మళ్లీ నడవడానికే పోయాయి. మూడు వేళ్లతో తడితే నేరుగా తూము దగ్గరికి వెళ్లే సైగ చేర్చి, ఆదివారం ఒంగోలు వెళ్తున్నాను.